కణాల జాడ తీసే డిటెక్టర్లు

ఎలక్ట్రాన్, ప్రోటాన్, మ్యూఆన్ వంటి కణాలను ఎంత గొప్ప సూక్ష్మదర్శినితోనూ నేరుగా చూడలేం. కాంతి తరంగదైర్ఘ్యం ముందు వాటి పరిమాణం లెక్కలోకే రాదు. అయినా అవి వెళ్ళిన దారిని మిల్లీమీటరులో వందో వంతు కచ్చితత్వంతో గీసి చూపడం ఇవాళ ప్రయోగశాలల్లో రోజూ జరిగే పని. దీనికి ఆధారం ఒక్కటే. విద్యుదావేశం ఉన్న కణం ఏ పదార్థంలోంచి దూసుకుపోయినా దారి పక్కనున్న పరమాణువులను కదిలించకుండా పోలేదు. కొన్నింటి నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపడి, అవి అయాన్లుగా మిగులుతాయి. కొన్ని శక్తి పుంజుకుని, ఆ మరుక్షణమే దాన్ని కాంతిగా వదిలేస్తాయి. డిటెక్టర్ పట్టుకునేది ఈ అలజడినే. అది నమోదయ్యే సరికి కణం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

అలజడి చాలా స్వల్పం. ఏ వేగంతో పోయే కణం ఎంత శక్తి పోగొట్టుకుంటుందో లెక్కగట్టే సూత్రాన్ని హాన్స్ బేతే 1930లో రాబట్టాడు. దాని ప్రకారం దాదాపు కాంతివేగంతో పోయే మ్యూఆన్ ఒక సెంటీమీటరు నీటిలో సుమారు 2 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వదులుకుంటుంది. మామూలు పీడనంలో ఉన్న ఆర్గాన్ వాయువులోనైతే సెంటీమీటరుకు ఇరవై ముప్పై చోట్ల మాత్రమే పరమాణువులను తాకుతుంది. అన్నీ కలిపి వంద ఎలక్ట్రాన్లు బయటపడితే గొప్ప. అంత చిన్న ఆవేశాన్ని పెద్దది చేసి చూపాలి. అందుకు పాత పద్ధతులన్నింటిలోనూ ఉపాయం ఒకటే: పదార్థాన్ని ఏ క్షణంలోనైనా మారిపోవడానికి సిద్ధంగా ఉన్న స్థితిలో నిలపడం. చల్లబడి, ఇక నీరుగా మారడమే తరువాయిగా ఉన్న ఆవిరి. మరిగే వేడి దాటినా ఇంకా మరగని ద్రవం. మెరుపు పుట్టబోయే వోల్టేజీలో ఉంచిన వాయువు. అలాంటి చోట ఒక్క అయాన్ చాలు, కంటికి కనిపించేంత మార్పు మొదలవుతుంది.

జాడ కనిపించడంతో సగం పనే అవుతుంది. అది ఏ కణానిది, ఎంత ద్రవ్యవేగంతో పోయింది అన్నది తేలాలంటే అయస్కాంతం కావాలి. అయస్కాంత క్షేత్రంలో ఆవేశం ఉన్న కణం వంగి నడుస్తుంది. ఎటు వంగిందో చూస్తే ఆవేశం ధనమో ఋణమో తెలుస్తుంది, ఎంత వంగిందో కొలిస్తే ద్రవ్యవేగం తెలుస్తుంది. ఎలక్ట్రాన్‌కున్నంత ఆవేశమే ఉన్న కణానికి లెక్క తేలిక. క్షేత్రబలాన్ని టెస్లాల్లో, వంపు వ్యాసార్ధాన్ని మీటర్లలో తీసుకుని, రెంటి లబ్ధాన్ని 0.3తో గుణిస్తే ద్రవ్యవేగం గిగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 3.8 టెస్లాల క్షేత్రంలో 100 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల కణం సుమారు 88 మీటర్ల వ్యాసార్ధంతో వంగుతుంది. ఒక మీటరు దూరం నడిచే లోపల దాని దారి సరళరేఖ నుంచి పక్కకు తొలగేది 1.4 మిల్లీమీటర్లే. ద్రవ్యవేగం పదింతలైతే ఆ తొలగుడు 0.14 మిల్లీమీటర్లకు పడిపోతుంది. పెద్ద శక్తుల దగ్గర జాడ మీది ప్రతి బిందువునూ పదుల మైక్రాన్ల కచ్చితత్వంతో కొలవాల్సిన అగత్యం ఇక్కడే పుట్టింది.

ఇంకో చిక్కు ఉంది. కణం అలజడి రేపాలంటే దాని దారిలో పదార్థం ఉండాలి. ఉన్న పదార్థం మాత్రం ఊరుకోదు. కేంద్రకాల పక్క నుంచి పోయేటప్పుడు కణం చిన్నచిన్నగా పక్కకు తోసివేయబడుతూ, తన అసలు దారిని కొంత పోగొట్టుకుంటుంది. పదార్థం పెరిగితే సంకేతం బలపడుతుంది, దారి చెడుతుంది. పదార్థం తగ్గితే దారి బాగుంటుంది, సంకేతం నీరసిస్తుంది. సూక్ష్మత, వేగం, తక్కువ పదార్థం, ఈ మూడూ ఒక్క చోట ఎన్నడూ పూర్తిగా కుదరలేదు. డిటెక్టర్ల చరిత్ర మొత్తం ఈ మూడింటి మధ్య కుదిరిన రాజీల చరిత్రే అనవచ్చు.

మొదటి రాజీ వాతావరణ శాస్త్రం నుంచి వచ్చింది. 1894లో స్కాట్లండ్‌లోని బెన్ నెవిస్ శిఖరం మీది పరిశీలన కేంద్రంలో కొద్ది వారాలు గడిపిన సి.టి.ఆర్. విల్సన్, మబ్బుల మీద ఎండ పడినప్పుడు కనిపించే రంగుల వలయాలను చూసి, వాటిని ప్రయోగశాలలో పుట్టించాలనుకున్నాడు. తేమ నిండిన గాలిని ఒక్కసారిగా వ్యాకోచింపజేస్తే అది చల్లబడి, పట్టగలిగినదానికంటే ఎక్కువ ఆవిరి దానిలో మిగులుతుంది. ధూళి లేకపోయినా ఆ ఆవిరి అయాన్ల మీద బిందువులు కడుతుందని విల్సన్ గమనించాడు. 1911లో కేంబ్రిడ్జిలో ఆల్ఫా, బీటా కణాల జాడలు తెల్లని బిందువుల గీతలుగా మొదటిసారి ఫొటోకు దొరికాయి. ఈ క్లౌడ్ చాంబర్‌కు 1927లో నోబెల్ బహుమతిలో సగం దక్కింది.

ఆ పరికరంతో ఎంత ఓపిక పట్టాల్సి వచ్చేదో ప్యాట్రిక్ బ్లాకెట్ చేసిన పని చెబుతుంది. నైట్రోజన్ నింపిన చాంబర్‌లోకి ఆల్ఫా కణాలను పంపి అతను సుమారు 23 వేల ఫొటోలు తీశాడు. వాటిలో నాలుగు లక్షల జాడలుంటే, నైట్రోజన్ కేంద్రకం ఆక్సిజన్‌గా మారిన సందర్భాలు ఎనిమిదే కనిపించాయి. చాంబర్ ఎప్పుడు వ్యాకోచిస్తే అప్పుడు ఏ కణం దొరికితే అదే. ఈ ఇబ్బంది నుంచి బ్లాకెట్, ఒక్కియాలిని కలిసి 1932లో బయటపడ్డారు. చాంబర్‌కు పైన ఒకటి, కింద ఒకటి గైగర్ కౌంటర్లు పెట్టి, రెండూ ఒకేసారి మోగితేనే వ్యాకోచం జరిగేలా అమర్చారు. అయాన్లు వాయువులో కాసేపు నిలిచి ఉంటాయి కనుక కణం వెళ్ళిపోయాక మొదలుపెట్టినా జాడ దొరికేది. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణం తన ఫొటో తానే తీసుకున్నట్టయింది. ఇవాళ్టి భారీ ప్రయోగాల్లో ‘ట్రిగ్గర్’ అనే వ్యవస్థకు మూలం ఇదే.

ఒక జాడను సాక్ష్యంగా నిలబెట్టడం ఎలాగో చూపడానికి 1932 ఆగస్టు 2న కాలిఫోర్నియాలో కార్ల్ ఆండర్సన్ తీసిన ఫొటోకు మించిన ఉదాహరణ లేదు. వంపును బట్టి చూస్తే అది కిందికి దిగుతున్న ఋణావేశ కణమైనా కావచ్చు, పైకి వెళ్తున్న ధనావేశ కణమైనా కావచ్చు. ఆండర్సన్ చాంబర్ మధ్యలో 6 మిల్లీమీటర్ల సీసపు పలక అమర్చి ఉంచాడు. పలకను దాటిన కణం శక్తి పోగొట్టుకుంటుంది, కాబట్టి ఎక్కువ వంగుతుంది. పలకకు కింద 63, పైన 23 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు లెక్కకు వచ్చాయి. అంటే అది పైకే పోయింది, దాని ఆవేశం ధనమే. ప్రోటాన్ కావచ్చా అంటే, అంత వంపు ఉన్న ప్రోటాన్ అర సెంటీమీటరులోనే ఆగిపోవాలి. ఈ జాడ అయిదు సెంటీమీటర్లు దాటింది. ఎలక్ట్రాన్‌కు ప్రతికణమైన పాజిట్రాన్ అలా ఒక్క ఫొటోతో రుజువైంది. ఈ కథలో మెచ్చుకోవలసింది సీసపు పలకనే. అది లేకపోతే ఆ ఫొటో ఎటూ తేలని గీతగా మిగిలేది.

క్లౌడ్ చాంబర్ పక్కనే మరో దారి సాగింది. ఫొటో ప్లేటు మీది జెలటిన్ పూతలో ఉండే సిల్వర్ బ్రోమైడ్ రేణువులు కాంతికే కాక ఆవేశ కణాలకూ స్పందిస్తాయి. ఎమల్షన్ అనే ఈ పూతను మందంగా వేసి, కణాలకు చూపి, డెవలప్ చేస్తే కణం దారి వెంట నల్లని వెండి చుక్కలు తేలతాయి. సూక్ష్మదర్శినితో కొలిస్తే ఈ చుక్కల కచ్చితత్వం మైక్రాన్ కంటే తక్కువకు దిగుతుంది. ఆ తర్వాత వచ్చిన ఏ పద్ధతీ ఇప్పటికీ దీన్ని మించలేదు. వియన్నాలో మరియెట్టా బ్లా, హెర్తా వాంబాకర్ 1937లో కొండ మీద ఉంచిన ప్లేట్లలో విశ్వకిరణం కేంద్రకాన్ని పగలగొట్టిన ‘నక్షత్రాలు’ చూశారు. కలకత్తాలో దేబేంద్ర మోహన్ బోస్, బిభా చౌధురి డార్జిలింగ్ ప్రాంతపు ఎత్తుల్లో ప్లేట్లు ఉంచి, 1941లో ‘నేచర్’ పత్రికలో ఒక కొత్త కణం ద్రవ్యరాశి అంచనా వేశారు. యుద్ధకాలం కావడంతో వారికి మేలిరకం ప్లేట్లు అందలేదు. ఆ తర్వాత మరింత గాఢమైన పూత వేసిన ఇల్‌ఫోర్డ్ ప్లేట్లతో బ్రిస్టల్‌లోని సెసిల్ పావెల్ బృందం 1947లో పయాన్ అనే కణాన్ని కనిపెట్టింది. 1950 నోబెల్ పావెల్‌కు వెళ్ళింది. బోస్, చౌధురిల పనికి దక్కాల్సినంత గుర్తింపు అప్పట్లో దక్కలేదన్నది నిజం. వనరులు ఉన్నవారికీ లేనివారికీ ఉండే తేడా ఆ ప్లేట్ల నాణ్యతలోనే కనిపిస్తుంది.

పయాన్ రుజువు కూడా జాడ పొడవులోనే ఉంది. ప్లేటులో ఆగిపోయిన పయాన్ చివర నుంచి మొదలయ్యే మ్యూఆన్ జాడ ప్రతిసారీ సుమారు 600 మైక్రాన్లే. పొడవు మారడం లేదంటే మ్యూఆన్ శక్తి మారడం లేదు. శక్తి మారడం లేదంటే పయాన్ రెండే ముక్కలుగా విడిపోతోంది. కనిపించని రెండో ముక్క న్యూట్రినో అనే ఆవేశం లేని కణం.

ఈ ప్లేట్లకు విద్యుత్తు అక్కర్లేదు, బరువు తక్కువ, బెలూన్లకు అనువైనవి. 1950లు, 60లలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రజ్ఞులు ఎమల్షన్ దొంతరలను హైదరాబాద్ నుంచి కూడా బెలూన్లలో ఎత్తుకు పంపేవారు. 1969లో ఆ సంస్థ శాశ్వత బెలూన్ కేంద్రం హైదరాబాద్‌లోనే వెలిసింది. భూ అయస్కాంత మధ్యరేఖకు ఈ నగరం దగ్గర. సుమారు 17 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల లోపు ప్రోటాన్లను భూమి అయస్కాంత క్షేత్రమే ఇక్కడికి రాకుండా తిప్పికొడుతుంది కనుక పైన దొరికేవన్నీ అధిక శక్తి కణాలే.

యాక్సిలరేటర్ల కాలం వచ్చాక క్లౌడ్ చాంబర్‌లోని పల్చని వాయువు చాలలేదు. కణాలు అందులోంచి ఏమీ తాకకుండానే దాటిపోయేవి. మిచిగన్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ గ్లేజర్ 1952లో సూత్రాన్ని తిరగేశాడు. ఆవిరిలో బిందువులకు బదులు ద్రవంలో బుడగలు. పీడనంలో ఉంచిన వేడి ద్రవం మీద పీడనం హఠాత్తుగా తీసేస్తే అది కొద్ది క్షణాలు మరగకుండా నిలుస్తుంది. ఆ కొద్ది వ్యవధిలో వచ్చిన కణం దారి వెంట బుడగలు లేస్తాయి. వెంటనే ఫొటో తీసి మళ్ళీ పీడనం పెంచాలి. ఈ బబుల్ చాంబర్‌లో గ్లేజర్ మొదట వాడింది ఈథర్. లూయీ ఆల్వరెజ్ బర్క్‌లీలో దాన్ని ద్రవ హైడ్రోజన్‌కు మార్చి, 1959 నాటికి 72 అంగుళాల చాంబర్ నడిపాడు. హైడ్రోజన్ ఎంచుకోవడం గొప్ప ఆలోచన. జాడ చూపేదీ అదే, కణపుంజం ఢీకొనే లక్ష్యమూ అదే, అందులోని కేంద్రకాలన్నీ ఒంటరి ప్రోటాన్లే.

1964లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో, 80 అంగుళాల చాంబర్‌లో దొరికిన ఒమెగా మైనస్ కణం ఈ పద్ధతికి శిఖరం. సుమారు లక్ష ఫొటోలు వెదికితే ఒకటి దొరికింది. దాని విఘటనంలో పుట్టిన రెండు ఫోటాన్లు ఆవేశం లేనివి, జాడ వదలనివి. అదృష్టవశాత్తు రెండూ చాంబర్‌లోనే ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలుగా మారడంతో లెక్క మొత్తం ముడిపడింది. క్వార్క్ భావనకు దారి తీసిన వర్గీకరణ ఆ ఫొటోతో స్థిరపడింది. ఐరోపా పరిశోధన కేంద్రం సెర్న్‌లోని గార్గమెల్ చాంబర్ 1973లో చూపిన దృశ్యం మరీ విచిత్రం. ఫ్రియాన్ ద్రవంలో ఎక్కడి నుంచీ రాని ఎలక్ట్రాన్ జాడ ఒకటి మొదలైంది. కనిపించని న్యూట్రినో వచ్చి, ఎలక్ట్రాన్‌ను తన్ని, న్యూట్రినోగానే వెళ్ళిపోయిందన్నమాట. బలహీన బలానికి, కణాల ఆవేశం మార్చని తటస్థ ప్రవాహం అనే రూపం ఉందనడానికి అది రుజువైంది.

ఈ ఫొటోల వెనక పెద్ద మానవ శ్రమ ఉంది. ప్రతి ఫిల్మునూ బల్లల మీద పెద్దది చేసి చూసి, ఆసక్తికరమైన జాడలను గుర్తించి, బిందువులను కొలిచేవారు చాలావరకు మహిళలే. సెర్న్‌లోని పెద్ద బబుల్ చాంబర్ ఒక్కటే తన ఆయుష్షులో 63 లక్షల ఫొటోలు తీసింది. ఫిల్ము పొడవు సుమారు 3 వేల కిలోమీటర్లు. పరిశోధన పత్రాల మీద ఆ స్కానర్ల పేర్లు అరుదు. అయితే బబుల్ చాంబర్‌ను పక్కకు నెట్టింది శ్రమ ఒక్కటే కాదు. కణం వదిలిన వేడి ద్రవంలో రెప్పపాటుకంటే ఎంతో ముందే చెదిరిపోతుంది. కాబట్టి కణం వచ్చాక ‘ఇది పనికొచ్చేదే, ఫొటో తీయి’ అనే వీలు లేదు. సెకనుకు ఒకటి రెండు ఫొటోలు, వాటిలో ఏముంటే అది. లక్షల కోట్లలో ఒక సంఘటనను వెదికే పనికి ఇది చాలదు.

ట్రిగ్గర్‌కు లొంగే జాడ కావాలి. 1959లో జపాన్‌లో ఫుకుయి, మియామొటో చేసిన స్పార్క్ చాంబర్ అలాంటిదే. లోహపు పలకల మధ్య వాయువు ఉంటుంది. కౌంటర్లు కణాన్ని గుర్తించగానే పలకలకు అధిక వోల్టేజీ ఇస్తే, అయాన్లు ఉన్న చోట నిప్పురవ్వలు రాలుతాయి. 1962లో లెడర్‌మన్, ష్వార్ట్జ్, స్టైన్‌బర్గర్ 10 టన్నుల అల్యూమినియం పలకల స్పార్క్ చాంబర్‌తో రెండో రకం న్యూట్రినో ఉందని తేల్చారు. ఇదే కోవకు చెందిన నియాన్ ఫ్లాష్ ట్యూబులు, కణం దాటితే మెరిసే సింటిలేటర్ పలకలతో చిత్తూరు జిల్లా దాపులోని కోలార్ బంగారు గనుల్లో, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, భారత్-జపాన్-బ్రిటన్ బృందం 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టింది. అంత లోతులో పక్కవాటుగా వచ్చిన మ్యూఆన్ పైనుంచి దిగి వచ్చి ఉండదు. దగ్గరి రాతిలోనే న్యూట్రినో దాన్ని పుట్టించి ఉండాలి. అదే ఏడాది దక్షిణాఫ్రికా గనిలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది.

అసలు మలుపు 1968లో సెర్న్‌లో జార్జ్ షార్పక్ తిప్పాడు. వెంట్రుక కంటే సన్నని, 20 మైక్రాన్ల మందం గల తీగలను 2 మిల్లీమీటర్లకొకటి చొప్పున వాయువులో బిగించాడు. తీగ దగ్గర విద్యుత్ క్షేత్రం ఎంత తీవ్రంగా ఉంటుందంటే, అక్కడికి చేరిన ఒక్కో ఎలక్ట్రాన్ దారిలో మరికొన్నిటిని విడదీస్తూ, అవి ఇంకొన్నిటిని విడదీస్తూ, వేలూ లక్షలుగా పెరిగిపోతాయి. ప్రతి తీగకూ సొంత ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్. ఏ తీగ మోగిందో కంప్యూటర్ నేరుగా రాసుకుంటుంది. ఫిల్ము లేదు, స్కానర్ లేదు. సెకనుకు లక్షల్లో కణాలను లెక్కించవచ్చు. ఆ తర్వాత చాలాకాలం కణభౌతికం ఈ తీగల మీదే నడిచిందంటే అతిశయోక్తి కాదు. 1992లో షార్పక్‌కు నోబెల్ వచ్చింది.

తీగల సంఖ్య తగ్గించే కిటుకు కొద్ది కాలానికే దొరికింది. ఎలక్ట్రాన్లు వాయువులో తీగ వైపు మైక్రోసెకనుకు సుమారు 5 సెంటీమీటర్ల వేగంతో జరుగుతాయి. కణం వచ్చిన క్షణం, తీగ మోగిన క్షణం తెలిస్తే వాటి తేడాయే దూరం. ఒక నానోసెకను అంటే 50 మైక్రాన్లు. తీగలు సెంటీమీటర్ల దూరంలో ఉన్నా జాడ 100, 200 మైక్రాన్ల కచ్చితత్వంతో దొరుకుతుంది. 1983లో డబ్ల్యు, జడ్ కణాలను బయటపెట్టిన, సెర్న్‌లోని యూఏ1 ప్రయోగం నడిబొడ్డున ఉన్నది ఇలాంటి డ్రిఫ్ట్ చాంబరే.

డేవిడ్ నైగ్రెన్ 1974లో ఇంకో అడుగు వేశాడు. లోపల తీగలే లేని పెద్ద వాయు గొట్టం. అంతటా సమానమైన విద్యుత్ క్షేత్రం. కణం వదిలిన ఎలక్ట్రాన్ల వరుస ఉన్నదున్నట్టు గొట్టం చివరికి నెమ్మదిగా తేలుతూ వస్తుంది. చివరి పలక మీద ఎక్కడ పడ్డాయో రెండు కొలతలు, ఎంతసేపటికి వచ్చాయో మూడో కొలత. విద్యుత్ క్షేత్రానికి సమాంతరంగా అయస్కాంత క్షేత్రం ఉంటే ఎలక్ట్రాన్లు పక్కకు చెదరవు. సెర్న్‌లోని ఆలిస్ ప్రయోగంలో ఈ టైమ్ ప్రొజెక్షన్ చాంబర్ పొడవు 5 మీటర్లు, వ్యాసమూ అంతే. ఎలక్ట్రాన్లు రెండున్నర మీటర్లు దాటడానికి 90 మైక్రోసెకన్లకు పైగా పడుతుంది. సీసపు కేంద్రకాలు ఢీకొన్నప్పుడు పుట్టే వేలాది జాడలను త్రిమితీయంగా విడదీయగలిగింది ఇదే. వేగం దీని బలహీనత.

వాయువుకు బదులు ద్రవ ఆర్గాన్ వాడాలని కార్లో రుబ్బియా 1977లో ప్రతిపాదించాడు. సాంద్రత ఎక్కువ కనుక న్యూట్రినోలకు అది లక్ష్యంగానూ పనికొస్తుంది. ఎలక్ట్రాన్లు మీటర్ల కొద్దీ దూరం చేరాలంటే ఆర్గాన్‌లో ఆక్సిజన్ వందకోట్లలో ఒక వంతు కూడా ఉండకూడదు. ఆ శుద్ధి సాధించడానికే దశాబ్దాలు పట్టింది. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ నుంచి 1,300 కిలోమీటర్ల దూరంలో, దక్షిణ డకోటాలో ఒకప్పటి బంగారు గనిలో, ఒకటిన్నర కిలోమీటరు లోతున కడుతున్న డ్యూన్ ప్రయోగం ఈ పద్ధతినే నమ్ముకుంది. ఇందులో భారతీయ సంస్థలూ ఉన్నాయి. ఈ డిటెక్టర్ల చిత్రాలు చూస్తే బబుల్ చాంబర్ ఫొటోలు తిరిగి వచ్చాయా అనిపిస్తుంది, ఈసారి అంకెల రూపంలో.

ఢీకొన్న చోటికి దగ్గరగా కొలవాలంటే వాయువు పనికిరాదు. అందుకు సిలికాన్ వచ్చింది. వాయువులో ఒక ఎలక్ట్రాన్ విడివడటానికి సగటున 26 నుంచి 30 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి; సిలికాన్‌లో 3.6 చాలు. 300 మైక్రాన్ల మందం ఉన్న పలకలో కణం ఇరవై వేలకు పైగా ఎలక్ట్రాన్-రంధ్రం జంటలను విడదీస్తుంది. లోపల వాటిని పెంచాల్సిన పని లేదు, చిప్‌లోని యాంప్లిఫయర్ చూసుకుంటుంది. కంప్యూటర్ చిప్‌ల తయారీ పద్ధతులతోనే పలక మీద 50 మైక్రాన్లకొక పట్టీ గీయవచ్చు. లేదా చిన్న గళ్ళుగా, పిక్సెల్స్‌గా కోయవచ్చు. దీని అవసరం తెలియాలంటే బి క్వార్క్ ఉన్న మీసాన్లను చూడాలి. అవి బతికేది సుమారు ఒకటిన్నర పికోసెకను. అంత లోపలే, తమ వేగం వల్ల కాలం సాగి, కొన్ని మిల్లీమీటర్లు నడిచి విడిపోతాయి. జాడలన్నీ ఢీకొన్న బిందువు నుంచి కాక దాని పక్కన ఒక చోటి నుంచి మొదలైతే అక్కడ బి కణం చనిపోయిందని అర్థం. 1995లో ఫెర్మీల్యాబ్‌లో టాప్ క్వార్క్‌ను ప్రకటించిన సీడీఎఫ్ బృందానికి ఈ గుర్తే ప్రధాన ఆధారాల్లో ఒకటి. సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగంలో పిక్సెల్ పలకలు కణపుంజానికి 5 మిల్లీమీటర్ల దగ్గరికి జరుగుతాయి. పుంజం నిలకడగా లేనప్పుడు వెనక్కి లాగి, కుదురుకున్నాక ముందుకు తోస్తారు.

సెర్న్‌లోని సీఎంఎస్ ప్రయోగంలో జాడలు తీసే ట్రాకర్‌లో సుమారు 200 చదరపు మీటర్ల సిలికాన్ ఉంది. అంత సిలికాన్‌ను నిలబెట్టే చట్రాలు, విద్యుత్ తీగలు, శీతలీకరణ గొట్టాలు కలిసి మళ్ళీ పాత చిక్కునే తెచ్చాయి. కొన్ని దిశల్లో సగానికి మించి ఫోటాన్లు ట్రాకర్‌లోనే ఎలక్ట్రాన్ జంటలుగా మారిపోతాయి. రేడియేషన్ దెబ్బకు సిలికాన్ పాడవకుండా సున్నాకు బాగా దిగువ ఉష్ణోగ్రతలో ఉంచాల్సి రావడం ఇంకో భారం. సిలికాన్‌ను అన్ని సమస్యలకూ జవాబుగా చెప్పేవారు ఈ ఖర్చును సాధారణంగా లెక్కలో వేయరు.

ఆవేశం లేని కణాలకు జాడ ఉండదు. వాటిని వాటి సంతానం ద్వారానే పట్టాలి. 1947లో రోచెస్టర్, బట్లర్ క్లౌడ్ చాంబర్‌లో శూన్యంలోంచి మొదలైన పంగలాంటి జాడ చూశారు. అది స్ట్రేంజ్ కణాల మొదటి ఆనవాలు. ఫోటాన్లు, న్యూట్రాన్లు ట్రాకర్ బయటి కెలోరీమీటర్లలో తమ శక్తినంతా దిగవిడిచి ఆగిపోతాయి. మ్యూఆన్లు మాత్రం అన్నీ దాటి బయటి చాంబర్లలో మళ్ళీ కనిపిస్తాయి. నీటిలో కాంతి పోయే వేగాన్ని మించి పోయే కణం చెరెంకోవ్ కాంతిని వెదజల్లుతుంది. జపాన్‌లోని సూపర్ కమియోకాండే 50 వేల టన్నుల నీటి చుట్టూ అమర్చిన సుమారు 11 వేల కాంతిగొట్టాలతో ఆ కాంతి వలయాన్ని చూసి కణం దిశ చెబుతుంది. మ్యూఆన్ వలయం అంచు స్పష్టంగా ఉంటుంది, ఎలక్ట్రాన్‌ది మసకబారి ఉంటుంది.

ఇవాళ జాడ అంటే ఫొటో కాదు, చుక్కల పట్టిక. ఏ చుక్క ఏ కణానిదో కంప్యూటర్ తేల్చాలి. బబుల్ చాంబర్ ఫొటోల కోసమే పాల్ హాఫ్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్రతి చుక్క తన గుండా పోగల రేఖలన్నింటికీ ఓటు వేస్తుంది. ఎక్కువ ఓట్లు పడిన రేఖే జాడ. ఇప్పుడు ఎక్కువగా వాడేది 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రతిపాదించిన పద్ధతి. లోపలి రెండు మూడు చుక్కలతో ఒక మొలక జాడ తయారవుతుంది. తర్వాతి పొర మీద కణం ఎక్కడ పడాలో, ఎంత పొరపాటుతో పడవచ్చో అంచనా వేసి, అక్కడ దొరికిన చుక్కతో అంచనా సవరించుకుంటూ పొర పొరకూ ముందుకు పోతుంది. పదార్థంలో కణం ఎంత చెదిరి ఉంటుందో కూడా ప్రతి అడుగులోనూ లెక్కలో చేరుతుంది. అయినా ఒకరి చుక్క మరొకరికి అంటగట్టిన దొంగ జాడలు పుడుతూనే ఉంటాయి. పలకలు అనుకున్న చోటికి కొన్ని మైక్రాన్లు పక్కకు జరిగినా ద్రవ్యవేగాలన్నీ ఒకే వైపు తప్పుతాయి. పలకల అసలు స్థానాలను లక్షలాది జాడల నుంచే, విశ్వకిరణ మ్యూఆన్ల జాడలతో సహా, వెనక్కి లెక్కగట్టాలి. కొలబద్దను కొలిచే వస్తువుతోనే సరిచేయడం ఇది. ఈ రంగంలో అతి సున్నితమైన పని బహుశా ఇదే.

సెర్న్‌లోని భారీ యాక్సిలరేటర్ ఎల్‌హెచ్‌సీలో పుంజాలు సెకనుకు 4 కోట్ల సార్లు ఎదురెదురవుతాయి. రెండు ఎదురింపుల మధ్య వ్యవధి 25 నానోసెకన్లు. ఆ వ్యవధిలో కాంతి నడిచేది ఏడున్నర మీటర్లే. అక్కడి 44 మీటర్ల పొడవున్న అట్లాస్ డిటెక్టర్‌లో ఒక ఢీలో పుట్టిన కణాలు బయటపడక ముందే తర్వాతి ఢీ జరిగిపోతుంది. హార్డ్‌వేర్ ట్రిగ్గర్ వీటిలో సెకనుకు లక్ష వరకు ఉంచుతుంది, సాఫ్ట్‌వేర్ వాటిని కొన్ని వేలకు తగ్గిస్తుంది. 2012 జూలై 4న ప్రకటించిన హిగ్స్ కణం నాలుగు ఎలక్ట్రాన్, మ్యూఆన్ జాడలుగా కనిపించిన సంఘటనలు ఈ జల్లెడలన్నీ దాటి వచ్చినవే. పారేసిన వాటిలో ఏముందో తిరిగి చూసే అవకాశం ఎవరికీ లేదు. ఫిల్ము కాలానికీ నేటికీ అసలు తేడా ఇది. అప్పుడు అన్నీ దాచి ఆ తర్వాత వెదికేవారు. ఇప్పుడు ఏం వెదకాలో ముందే నిర్ణయించుకుని దాస్తున్నారు.

ఈ విద్య ప్రయోగశాలల బయటా ఉపయోగపడింది. 2017లో ఈజిప్టులోని ఖుఫు పిరమిడ్ లోపల కనీసం 30 మీటర్ల పొడవైన ఖాళీ స్థలం ఉందని విశ్వకిరణ మ్యూఆన్ల జాడలు చూపాయి. ఎమల్షన్, సింటిలేటర్, వాయు డిటెక్టర్ అనే మూడు వేర్వేరు పద్ధతులు ఒకే మాట చెప్పడం వల్లనే ఆ ఫలితానికి నమ్మకం కుదిరింది.

మెరుగుపరిచిన ఎల్‌హెచ్‌సీ నడవడం మొదలైతే ఒక్కో ఎదురింపులో 200 వరకు ఢీలు జరుగుతాయి. కొన్ని సెంటీమీటర్ల పొడవులో అన్ని ఢీలు కిక్కిరిసినప్పుడు ఏ జాడ ఏ ఢీదో స్థానాన్ని బట్టి మాత్రమే చెప్పలేం. అందుకని అట్లాస్, సీఎంఎస్ బృందాలు కణం దాటిన క్షణాన్ని కొన్ని పదుల పికోసెకన్ల కచ్చితత్వంతో గుర్తించే పొరలను కొత్తగా చేరుస్తున్నాయి. ఇంత చేసినా అతి సూక్ష్మమైన జాడ కావాల్సి వచ్చినప్పుడు పాత ప్లేట్లకే మళ్ళక తప్పడం లేదు. అట్లాస్‌కు 480 మీటర్ల దూరాన ఉన్న ఫేజర్ ప్రయోగంలో టంగ్‌స్టన్ పలకల మధ్య ఎమల్షన్ పొరలు పేర్చారు. సెర్న్ ఢీలలో పుట్టిన ఎలక్ట్రాన్ న్యూట్రినోల, మ్యూఆన్ న్యూట్రినోల జాడలు అందులో ఇప్పటికే దొరికాయి.